బెయిల్ వచ్చినా తమ్ముడు సబ్‌జైల్లోనే ఉన్నాడు, ఏం చేయాలి?

దొంగతనం కేసులో మీ తమ్ముడికి బెయిల్ మంజూరై నెల దాటిందనీ, పూచీ పడే ఇద్దరు జామీనుదార్లు దొరక్క ఇంకా లోపలే ఉన్నాడనీ రాశారు. మా పిన్ని కొడుకు విషయంలోనూ ఇంతే. బెయిల్ వచ్చిందనగానే పిన్ని గుడిలో కొబ్బరికాయ కొట్టింది. తీరా చూస్తే జామీనుదార్లిద్దరూ స్థానికులై ఉండాలి, ఇంటి పన్ను రశీదులు చూపాలి అన్నారు. వాళ్లది అద్దె ఇల్లు. చుట్టాలంతా పనుల కోసం వేరే జిల్లాలకు పోయినవాళ్లు. కోర్టు బయట డబ్బు తీసుకుని పూచీ పడతామని కొందరు వెంటపడ్డారు. అలాంటివాళ్ల జోలికి పోకండి. దొంగ పత్రాలని తేలితే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది: బెయిల్ షరతు బరువైతే దాన్ని సడలించమని అదే కోర్టును అడగవచ్చు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడిగారు. అన్న పూచీ పడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మెజిస్ట్రేటు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టి, జామీనుదారు లేకుండా, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా కింది కోర్టుల్లో స్థానిక జామీనే కావాలంటున్నారంటే ఏమనుకోవాలి? 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది: బెయిల్ వచ్చిన నెలలోపు జామీను పెట్టలేకపోతే, కోర్టు తనంతట తానే షరతు మార్చే విషయం పరిశీలించవచ్చు. వారం రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్, ఉచిత న్యాయసాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. మీ తమ్ముడి విషయంలో తెలియజేశారో లేదో ములాఖత్‌కు వెళ్లినప్పుడు జైలు అధికారులనే అడగండి.

వకీలు షరతు సడలింపు పిటిషన్‌కు మరో పదివేలు అడుగుతున్నారన్నారు కదా. ఆ డబ్బు పుట్టకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఈ సాయం పొందడానికి ఆదాయ పరిమితి లేదు. వాళ్ల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు గానీ, కేసు నంబరు, బెయిల్ ఉత్తర్వు నకలు పట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలోని వాళ్ల ఆఫీసుకు వెళ్తేనే పని త్వరగా అవుతుంది. పిన్ని అలాగే వెళ్లింది. వాళ్లిచ్చిన వకీలు వేసిన పిటిషన్ మీద కోర్టు ఒక్క జామీనుతో సరిపెట్టింది.

తమ్ముడితో పాటు పట్టుబడి ఇంకా బెయిల్ రాని స్నేహితుడి సంగతి వేరు. ఈ రకం కేసుల్లో తొలి రిమాండ్ నుంచి, అంటే మొదట కోర్టులో హాజరుపరిచి కస్టడీకి పంపిన రోజు నుంచి, 60 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే అతనికి బెయిల్ హక్కుగా వస్తుంది. పదేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాలకైతే ఆ గడువు 90 రోజులు. కానీ గడువు దాటితే వాళ్లే వదిలేస్తారని కూర్చోకూడదు. ఛార్జిషీటు పడేలోపే అర్జీ పెట్టాలి, లేకపోతే ఆ హక్కు పోతుంది. కాబట్టి మొదటిసారి కోర్టులో హాజరుపరిచిన తేదీ ఏదో అతని ఇంట్లోవాళ్లను ఈరోజే అడిగి, ఆ తేదీ వకీలు చేతికివ్వమనండి.