స్లీవ్ ఆపరేషన్ తర్వాత మెత్తటి ఆహారం: పెరుగన్నం ఎందుకు దిగడం లేదు?

బరువు తగ్గడానికి కడుపును కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయి అయిదు వారాలైందనీ, మెత్తటి ఆహారం మొదలుపెట్టమన్నారనీ, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితంలోని ఓట్స్, మెదిపిన బంగాళాదుంప మీ ఇంట్లో అలవాటు లేవనీ రాశారు. బాగా పిసికిన పెరుగన్నం నాలుగు చెంచాలు తింటే గుండెల మధ్య పట్టేసినట్టు నొప్పి వస్తోందని, లోపల ఏదైనా తేడా జరిగిందేమోనని భయపడుతున్నారు. ఆవకాయ ఎప్పుడు తినవచ్చో కూడా అడిగారు. నేను చెన్నైలో, పెరంబూరులో ఉంటాను. 2022 ఏప్రిల్ మొదటి వారంలో నాకు ఇదే ఆపరేషన్ అయింది. అప్పుడు నా బరువు 112 కిలోలు. నేను డాక్టరును కాను కాబట్టి ముందు ఆ నొప్పి సంగతి మీ సర్జనుకు ఫోను చేసి చెప్పండి. ఆ తర్వాత ఇది చదవండి.

నాకూ తొలి దెబ్బ పెరుగన్నంతోనే తగిలింది. నన్ను చూసుకోవడానికి అమ్మ కావలి నుంచి వచ్చింది. మెత్తటివి తినవచ్చని చెప్పిన రోజే బియ్యంలో ఎసరు రెట్టింపు పోసి, గుజ్జుగా వండి, కాచిన పాలు పోసి, చల్లారాక పెరుగు కలిపి, గరిటె వెనక వైపుతో మెతుకు కనిపించకుండా మెదిపింది. మొదటి చెంచా అమృతంలా ఉంది. నెల రోజుల తర్వాత నోట్లో అన్నం రుచి. మూడో చెంచాకు రొమ్ము ఎముక వెనకాల రాయి నిలబడినట్టయింది. కాసేపటికి నోరంతా జిగట ఉమ్మి ఊరింది. మింగలేను, ఆపలేను. నలభై నిమిషాలు వాష్‌బేసిన్ పట్టుకుని నురగ ఉమ్ముతూ నిలబడ్డాను. చివరికి ఆ మూడు చెంచాలూ పైకి వచ్చేశాక ప్రాణం కుదుటపడింది. అమ్మ వీపు నిమురుతూ, "ఇంత మెత్తటి అన్నమే దిగకపోతే ఇక నీకేమి పెట్టాలి తల్లీ" అని ఏడ్చింది.

మర్నాడు డైటీషియన్ చెప్పిన మాట మీకూ పనికొస్తుంది. మెత్తగా ఉండటం వేరు, తడిగా జారిపోవడం వేరు. ఎంత మెత్తగా వండితే అన్నం అంత జిగురవుతుంది. నోట్లో విడివిడిగా ఉన్నది లోపల ఒకదానికొకటి అంటుకుని ఉండ కడుతుంది. మనకు మిగిలింది అరటికాయంత సన్నటి గొట్టం. కడుపులో నాలుగింట మూడు వంతులు, అంతకంటే ఎక్కువే, తీసేస్తారు. మిగిలిన దానిలో మొదట్లో పట్టేది సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఇక్కడి కాఫీ టంబ్లరుకు అటూఇటూ. కుట్ల వెంట వాపు కూడా ఇంకా పూర్తిగా తగ్గదు. అలాంటి చోట అన్నం ఉండ బిరడాలా కూర్చుంటుంది. ఇడ్లీ, బ్రెడ్డు, చపాతీ కూడా అంతే. పొడిగా ఉన్న కోడిమాంసం సరేసరి.

జ్వరం తగ్గినవాళ్లకైనా, పళ్లు ఊడిన పెద్దవాళ్లకైనా మనం మెత్తగా పెట్టేది అన్నమే. మెత్తటి తిండి అనగానే చెయ్యి బియ్యం డబ్బాలోకి వెళుతుంది. అన్నం తినలేదంటే అసలు భోజనమే చేయలేదని లెక్క. ఈ రెండు మూడు నెలలు ఆ లెక్కను పక్కన పెట్టగలిగితే మీ సమస్యలో సగం తీరుతుంది. అన్నం చుట్టూ మనం వండుకునే పప్పు, గుడ్డు, చేప, పెరుగు, ఆనపకాయ ఇప్పుడు మీ భోజనం.

నన్ను నిలబెట్టింది పెసరపప్పు. పప్పును బాగా ఉడికించి మెదిపి, మొదటి వారం పలచగా, తర్వాత కొంచెం చిక్కగా తిన్నాను. లేత ఆనపకాయ గింజలు తీసేసి అందులోనే ఉడికించేవాళ్లం. బీరకాయైతే చెక్కు, ఈనెలు పూర్తిగా తీయాలి. పోపులో జీలకర్ర, ఇంగువ చాలు. ఆవాలు, శనగపప్పు, ఎండుమిరపకాయ ముక్కలు వద్దు. ఆకుకూరల పీచు కొన్నాళ్లు ఆగాలి.

గుడ్డు పొరటు కొందరికి దిగుతుంది, నాకు దిగలేదు. పెనం మీద కాస్త ఆరిపోయినా రబ్బరులా అవుతుంది. అమ్మ ఇంకో దారి కనిపెట్టింది. ఒక గుడ్డును చిన్న టీ గ్లాసులో సగం పాలతో గిలక్కొట్టి, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి వేసి, చిన్న గిన్నెలో పోసి ఇడ్లీ పాత్రలో సన్నటి సెగ మీద ఆవిరికి పెట్టేది. పది పన్నెండు నిమిషాలకు జున్నులా, చెంచా పెడితే వణికేలా తయారవుతుంది. అందులో గుడ్డు నుంచి 6 గ్రాములు, పాల నుంచి గ్రామున్నర ప్రోటీను ఉంటాయి. మీరు రేపు మొదలుపెట్టాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

మాంసాహారం తినేవారైతే పనికొస్తుందని చేప సంగతి కూడా చెబుతాను. వంజరం ముక్క ఖరీదైనదే గానీ వేపుడు చేస్తే పొడారిపోతుంది. చెన్నైలో బాలింతలకు పెట్టే సొరపుట్టు, అంటే సొర చేపను విదిపి చేసే కూర, మనకు సరిగ్గా సరిపోయింది. చిన్న పాల సొర చేపను పసుపు వేసి ఉడికించి, ఇసుక కాగితంలాంటి తోలు ఒలిచి, చేత్తో పొడిపొడిగా విదపాలి. దానికి మధ్యలో మెత్తటి ఎముకే తప్ప సన్నటి ముళ్లు ఉండవు, గొంతులో గుచ్చుకుంటుందన్న భయం లేదు. మామూలుగా దాన్ని పొడిగా వేయిస్తారు. మీరు కారం తగ్గించి, దించే ముందు గరిటెడు పలచటి రసం పోసి తడిగా ఉంచండి. వారానికి ఒకసారి చాలు.

ఎంత తినాలన్నది మా ఇంట్లో ఉగ్గుగిన్నె తేల్చింది. నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నెను అమ్మ కావలి నుంచి వచ్చేటప్పుడు సంచిలో వేసుకొచ్చింది. ఎందుకు తెచ్చిందో తనకే తెలియదు, నాకు పాలు పట్టిన గిన్నె కదా అని తెచ్చానంది. ముక్కు దగ్గర చిన్న సొట్ట, అడుగున అమ్మమ్మ పేరులోని మొదటి అక్షరం. కంచంలో నాలుగు చెంచాల పప్పు వడ్డిస్తే చూసేవాళ్లకు గుండె తరుక్కుపోతుంది. అదే పప్పు ఆ గిన్నెలో నిండుగా కనిపించేది. ఆ రోజు నుంచి అమ్మ ఇంకొంచెం తినమని అడగడం మానేసింది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లు బాధపడుతుంటే గిన్నె మార్చి చూడండి. ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఇరవైసార్లు నమలండి, చెంచా కింద పెట్టండి, నిమిషం ఆగండి. గిన్నె ఖాళీ కావడానికి అరగంట పట్టినా పట్టనివ్వండి. ఎక్కిళ్లు, ముక్కు కారడం, రొమ్ములో బరువు, వీటిలో ఏది వచ్చినా ఆ పూటకు చాలు. ఇంకో చెంచా వద్దు.

ప్రోటీను రోజుకు 60 గ్రాములైనా ఉండాలని సాధారణంగా చెబుతారు. ఈ దశలో తిండి ఒక్కదానితో అది కష్టం. డైటీషియన్ రాసిన ప్రోటీను పొడిని పాలలో కలిపి రెండుసార్లు తాగేదాన్ని, వడకట్టిన గట్టి పెరుగు తినేదాన్ని. రాగిజావ మంచిదే, అందులో కాల్షియం బాగా ఉంది, ప్రోటీను మాత్రం తక్కువ. జావతో కడుపు నింపేసి పప్పును వదిలేయకండి.

నీళ్ల విషయంలో నేను తప్పు చేశాను. తింటూ తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి అన్న నియమాన్ని పట్టుకుని అసలు తాగడమే తగ్గించేశాను. నడివేసవి కత్తెర ఎండలు, పైగా చెన్నై ఉక్క. ఒక మధ్యాహ్నం మంచం మీద నుంచి లేవగానే కళ్లు చీకట్లు కమ్మి కూలబడ్డాను. అప్పటి నుంచి పది నిమిషాలకు రెండు గుక్కల లెక్కన, రోజుకు లీటరున్నర తగ్గకుండా నీళ్లు, తేట మజ్జిగ తాగాను. మూత్రం ముదురు పసుపుగా వస్తే మీరు తక్కువ తాగుతున్నట్టే.

ఒక్క విషయం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. జ్వరం, ఊరికే కూర్చున్నా నిమిషానికి 120 దాటి గుండె కొట్టుకోవడం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. రోజుల తరబడి వాంతులైతే బి1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పెరుగన్నం పట్టేసినట్టు ఉండటం, అది దిగాకో బయటికి వచ్చాకో పూర్తిగా తగ్గిపోవడం నాకు జరిగింది. మీది అలాంటిదేనా కాదా అన్నది మాత్రం మీ సర్జనే చెప్పాలి.

ఇక ఆవకాయ. ఆ వేసవిలో అమ్మ మా వంటింట్లోనే జాడీ కలిపింది. ఆ వాసనకు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నాలుగో నెలలో డాక్టరును అడిగాకే ముట్టుకున్నాను. ముక్క కాదు, పైన తేరిన ఊట చెంచా కొసతో తీసి ఉగ్గుగిన్నెలోని పప్పులో కలిపింది అమ్మ. పప్పులో రెండు చెంచాల అన్నం కూడా ఉంది. నిదానంగా తిన్నాను, దిగింది.