కుక్కపిల్ల ఉన్న ఇంట్లో దేవగన్నేరు

ప్రశ్న: కుండీలో నాటుదామని దేవగన్నేరు కొమ్మ తెచ్చుకున్నాను. ఇంట్లో నాలుగు నెలల కుక్కపిల్ల ఉంది, కనిపించిందల్లా కొరుకుతుంది. గన్నేరు విషం అంటున్నారు. పెంచొచ్చా?

జవాబు: పెంచొచ్చమ్మా. అయితే ముందు అది దేవగన్నేరేనా చూసుకోండి. కొమ్మ బొటనవేలంత లావుగా, మొద్దుగా ఉండి, జానెడు పొడవున్న వెడల్పాటి ఆకులు కొసన గుత్తిగా ఉంటే అదే. ఆకులు సన్నగా, కోలగా ఉంటే మామూలు గన్నేరో పచ్చగన్నేరో అయ్యుంటుంది. ఆ రెండింటి విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఆకు ఎండినా పోదు. కుక్కపిల్ల తిరిగే ఇంట్లో అవి వద్దు, ఇందులో రెండో మాట లేదు.

దేవగన్నేరు అంత ప్రాణాంతకం కాదు. దీని బాధంతా పాలతోనే. ఆకు తుంచితే కారే ఆ తెల్లటి పాలు నోటికి తగిలితే మంట, చొంగ, వాంతులు, విరేచనాలు. ఒకసారి నేను కొమ్మలు కోసి, ఆరడానికి గోడవారన పెట్టి లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి మా కుక్క కారుతున్న పాలను నాకుతోంది. చొంగ ఆగలేదు, మూతిని ముందుకాళ్లతో రుద్దుకుంటూనే ఉంది. తడిగుడ్డతో నోరు తుడిచి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. తేరుకుంది గానీ, ఆ పూట అది నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

అప్పటినుంచి కోసిన కొమ్మల్ని తాడుకు కట్టి ఎత్తున వేలాడదీస్తాను. మీరూ అలాగే చేయండి. వారం పది రోజులు నీడలో ఆరి, కోత గట్టిపడ్డాకే నాటాలి. పచ్చికోతతో నాటితే కుళ్లుతుంది. మట్టిలో ఇసుక బాగా కలపండి. కొత్త ఆకులు విచ్చుకునేదాకా నీళ్లు చాలా తక్కువ. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల చెట్టు ఇది, కండగల కొమ్మల్లోనే నీరు దాచుకుంటుంది. చలికాలంలో ఆకులు రాల్చి మోడుగా నిలబడితే చచ్చిపోయిందనుకుని నీళ్లు కుమ్మరించకండి, వేరు కుళ్లేది అప్పుడే. రోజుకు 6 గంటల ఎండ కావాలి. పూసిన తర్వాత చీకటి పడ్డాక ఓసారి దగ్గర నిలబడండి, వాసన అప్పుడే చిక్కబడుతుంది.

కుండీ ఎత్తుమీద పెట్టి, రాలిన ఆకులూ పువ్వులూ రోజూ ఊడ్చేయండి. కొమ్మలు కోసే రోజు కుక్కపిల్లను లోపలే ఉంచండి, మీ చేతులకు గ్లవుజులు వేసుకోండి. ఎప్పుడైనా నమిలితే మీరే వాంతి చేయించబోకండి. నోరు తుడిచి, నమిలిన ఆకును వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉత్తగా ‘గన్నేరు’ అంటే ఏ గన్నేరో ఆయనకు తెలియదు, వైద్యం దాన్నిబట్టే ఉంటుంది.