యాప్‌లో పచ్చ లైటు, బిన్‌లో గులాబీ జిగురు

ఐస్ మెషీన్ల ప్రశ్నలు టెక్ శీర్షికకు ఎందుకొస్తున్నాయంటారా? వాటికి టచ్ స్క్రీన్ వచ్చింది, వైఫై వచ్చింది, యాప్ వచ్చింది. దాంతో నీళ్ల పైపు వంకర కూడా సాఫ్ట్‌వేర్ సమస్యలాగే కనిపిస్తోంది. ఒకే తరహా ఫిర్యాదులు పదే పదే వస్తున్నాయి కాబట్టి ఈసారి అన్నిటికీ ఇక్కడే జవాబులు. ఇవి ఇంట్లో బల్ల మీద పెట్టుకునే బుల్లి మెషీన్ల సంగతులు కావు. హోటళ్లు, క్యాంటీన్లు, ఆసుపత్రుల్లో పగలూ రాత్రీ తిరిగే పెద్దవాటివి.

ప్రశ్న: రోజుకు ఇన్ని కిలోల ఐస్ వస్తుందని చెప్పి బిగించారు. అందులో మూడింట రెండొంతులు కూడా రావడం లేదు. యాప్‌లో ఎర్రర్ లేదు, అంతా పచ్చగానే ఉంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే పెరుగుతుందా?

పెరగదు. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో వేసే అంకె సాధారణంగా గది గాలి 21 డిగ్రీల సెల్సియస్, లోపలికొచ్చే నీరు 10 డిగ్రీలు ఉన్నప్పటిది. దాని కిందే చిన్న అక్షరాల్లో 32 డిగ్రీల గాలికి, 21 డిగ్రీల నీటికి ఇంకో అంకె ఉంటుంది. కొనేముందు చూడాల్సింది దాన్ని. మీ వంటగది అంతకన్నా వేడిగా ఉంటే ఆ అంకె కూడా అందదు.

లెక్క చాలా మామూలుది. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో నీటిని గడ్డ కట్టించాలంటే సుమారు 334 కిలోజౌళ్ల వేడిని లాగేయాలి. నీరు 30 డిగ్రీల దగ్గర వస్తుంటే, ముందు దాన్ని సున్నాకు దించడానికే మరో 126 కిలోజౌళ్లు. లాగిన వేడంతా, దానికి తోడు కంప్రెసర్ పుట్టించే వేడి, కండెన్సర్ గుండా బయటికి పోవాలి. గాలితో చల్లబడే మెషీన్‌ని గోడకు ఆనించి, పక్కన పొయ్యి పెట్టి, పైన అట్టపెట్టెలు పేర్చితే ఆ వేడి ఎక్కడికి పోతుంది? తిరిగి తిరిగి లోపలికే వస్తుంది. ఏ వైపు ఎంత ఖాళీ వదలాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చాలా మోడళ్లకు 15 సెంటీమీటర్లు అడుగుతారు. కండెన్సర్ ముందుండే ఫిల్టర్‌కి నూనె జిడ్డు, దుమ్ము పట్టినా ఫలితం ఇదే. వంటగదిలో అయితే నెలకోసారైనా దాన్ని కడగాలి.

పచ్చ లైటు గురించి ఒక మాట. అది మెషీన్ బాగుందని చెప్పదు, నిర్ణయించిన హద్దులేవీ దాటలేదని మాత్రమే చెబుతుంది. ఐస్ కట్టే సైకిల్‌కి పెట్టిన గరిష్ఠ గడువులోపు ఎంత ఈడ్చుకుంటూ పూర్తయినా సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. మీ యాప్‌లో సైకిల్ సమయాల చరిత్ర కనిపిస్తే రంగును వదిలేసి దాన్ని చూడండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతున్నామని రాసినవాళ్లు కొందరున్నారు. వెంటనే ఆపండి. దీనికి సొంత లైను, సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి కలిపే ఎలక్ట్రీషియన్‌ని మళ్లీ పిలవొద్దు. నీళ్లు, లోహం, తడి చేతులు ఒకేచోట ఉండే పరికరం ఇది.

ప్రశ్న: ఐస్ అద్దంలా రావాలని ఆర్‌ఓ నీళ్లు కలిపాం. అప్పటి నుంచి ‘నీరు లేదు’ అని ఎర్రర్. తెరిచి చూస్తే లోపల తొట్టి నిండి ఉంటోంది. సెన్సర్ మార్చినా అంతే. బగ్గేనా?

బగ్ కాదు. చాలా మెషీన్లలో నీటి మట్టాన్నో, ఐస్ మందాన్నో లోహపు కడ్డీలు కనిపెడతాయి. నీటి గుండా వాటి మధ్య సన్నటి కరెంటు పారితే నీరు ఉన్నట్టు. నీటికి కరెంటు పారించే గుణం అందులో కరిగిన లవణాల వల్ల వస్తుంది. ఆర్‌ఓ వాటిని దాదాపుగా తీసేస్తుంది. కాబట్టి ఎదురుగా నీళ్లున్నా సెన్సర్‌కి కనిపించవు. నీటిలో కనీసం ఎంత టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) ఉండాలో మాన్యువల్‌లో చూసి, ఆర్‌ఓ నీటిలో కొంత మామూలు నీరు కలిసేలా వాల్వు సర్దించండి.

స్క్రీన్ మీద ‘నీరు లేదు’ అనే బదులు ‘నీటిని గుర్తించలేకపోతున్నాను’ అని రాసి ఉంటే మీకు సెన్సర్ ఖర్చు తప్పేది. అంత ఖరీదైన తెర పెట్టి, అందులో రాసే నాలుగు మాటల దగ్గర పొదుపు చేయడం ఏం డిజైనో నాకు అర్థం కాదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. యాప్‌లో చేర్చబోతే ‘ఇది వేరే ఖాతాలో ఉంది’ అంటోంది. మెషీన్‌ని రీసెట్ చేసినా మారలేదు. వైఫై లేకుండా పనిచేస్తుందా? కలపాలంటే బిల్లింగ్ కంప్యూటర్ ఉన్న వైఫైకే కలపొచ్చా?

వైఫై లేకుండా నిక్షేపంగా పనిచేస్తుంది. ఐస్ తీసే బుర్ర లోపలి కంట్రోల్ బోర్డులోనే ఉంటుంది. ఇంటర్నెట్ లేకపోతే ఐస్ చేయనని మొరాయించే మెషీన్ ఎవరైనా చూపిస్తే, అది కొనొద్దు.

ఖాతా సంగతి. ఏ మెషీన్ ఎవరిదన్న రికార్డు తయారీ సంస్థ సర్వర్‌లో ఉంటుంది. అందుకే మెషీన్ దగ్గర మీరు ఎన్ని బటన్లు నొక్కినా ఆ ముడి విడదు. పాత యజమాని తన యాప్ నుంచి తొలగించాలి. ఆయన దొరక్కపోతే కొన్న రసీదు చూపించి కంపెనీ సర్వీస్ వాళ్లతో తీయించుకోవాలి. ఆ పని అయ్యేదాకా మెషీన్‌ని నెట్‌కి కలపకండి. కలిపితే దాని మీద అధికారం ఆయన ఫోన్‌కి ఇచ్చినట్టే.

‘ఎవరో ఆపేస్తే ఏముంది, కాసేపు ఐస్ రాదు, అంతేగా’ అని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. ఆపడం గురించి కాదు, ఆన్ చేయడం గురించి భయపడండి. కొన్ని మెషీన్లను యాప్ నుంచే ఆపొచ్చు, నడపొచ్చు. పలుచటి పెచ్చుల్లా ఐస్ (ఫ్లేక్ ఐస్) తీసే రకంలో చల్లటి గొట్టం లోపల స్క్రూ తిరుగుతూ ఐస్‌ని గీకి పైకి నెడుతుంది. దాని దగ్గర ఒకరు చెయ్యి పెట్టి తుడుస్తుండగా, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న మేనేజర్‌కి ఫోన్‌లో ‘మెషీన్ ఆగిపోయింది’ అని వస్తుంది. ఆయన మంచి ఉద్దేశంతోనే స్టార్ట్ నొక్కుతాడు. ఇందులో హ్యాకర్ అవసరం కూడా లేదు.

కాబట్టి యాప్‌లో ఆఫ్ చేయడం ఆఫ్ కాదు. స్క్రీన్ మీద ఆఫ్ చేయడమూ కాదు. లోపల చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకాలి, లేదా గోడ మీది ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా తెంపే స్విచ్) దించి తాళం వేయాలి. ఆ తాళంచెవి శుభ్రం చేసే మనిషి జేబులోనే ఉండాలి, ఇంకెవరి దగ్గరా కాదు. మెషీన్ బిగించేటప్పుడే ఈ ఐసొలేటర్ చేతికందేలా పెట్టించండి. మెషీన్ వెనక దాచేసి, దాన్ని తీయాలంటే మెషీన్నే జరపాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక బిల్లింగ్ కంప్యూటర్‌తో ఒకే వైఫై. వద్దు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. 2013లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల నుంచి సుమారు 4 కోట్ల పేమెంట్ కార్డుల వివరాలు పోయాయి. దొంగలు ముందుగా చేజిక్కించుకున్నది ఆ సంస్థకు రిఫ్రిజిరేషన్ పనులు చేసే ఒక కాంట్రాక్టరు లాగిన్‌ని. చల్లటి పెట్టెలు బాగుచేసే వాళ్లకిచ్చిన దారిలోంచి లోపలికొచ్చి, బిల్లు కౌంటర్ల దాకా వెళ్లారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల్లో లోబరచుకుంది. 2019లో అయితే సూపర్‌మార్కెట్లు, ఆసుపత్రుల్లో వాడే కోల్డ్ స్టోరేజ్ కంట్రోలర్లు వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లో బాహాటంగా కనిపిస్తున్నాయనీ, అందరికీ తెలిసిన డీఫాల్ట్ పాస్‌వర్డుతో తెరుచుకుంటున్నాయనీ బయటపడింది.

ఐస్ మెషీన్‌కి గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి విడిగా ఇవ్వండి. అందులోని పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఐసొలేషన్ ఆన్ చేయండి. కస్టమర్లకిచ్చే వైఫైకి కలపడం పరిష్కారం కాదు, అది ఇంకో తప్పు. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా మెషీన్ దాకా దారి తెరవడం) పెడితేనే రిమోట్ సర్వీస్ కుదురుతుందని మెకానిక్ అంటే కుదరకపోయినా ఫర్వాలేదని చెప్పండి. ఆయనకు లాగిన్ ఇవ్వాల్సి వస్తే వేరే ఖాతా ఇచ్చి, పని కాగానే తీసేయండి. మెషీన్ మీది క్యూఆర్ కోడ్, సీరియల్ నంబరు ఫొటో తీసి ‘ఇది ఎలా సెట్ చేయాలి’ అంటూ గ్రూపుల్లో పెట్టేవాళ్లకు ఒక దండం.

అందరికీ ఒకే డీఫాల్ట్ పాస్‌వర్డుతో పరికరాలు అమ్మకూడదని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి నిబంధన పెట్టింది. అది సాధారణ వినియోగదారులకు అమ్మే పరికరాల కోసం. రోజూ వందల మంది తాగే గ్లాసుల్లోకి ఐస్ వేసే మెషీన్ విషయంలో జాగ్రత్త మాత్రం కొన్నవాడి మీదే పడుతోంది. సరిగా చూసుకుంటే ఇనుప పెట్టె పదేళ్లు నడుస్తుంది. దాని సాఫ్ట్‌వేర్‌కి ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారని అడిగితే అమ్మేవాళ్లు వారంటీ కాగితం చూపిస్తారు. వారంటీ కంప్రెసర్‌ది, అప్‌డేట్లది కాదు. రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే నెట్‌కి కలపని మామూలు మెషీన్‌గానే వాడుకోండి, నష్టమేమీ లేదు.

ప్రశ్న: క్లీనింగ్ గుర్తుచేసే లైటు ఆరడం లేదు. ఏ బటన్ ఎన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే పోతుంది?

చెప్పను. ఇన్ని ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చింది ఇదే, విసుగు తెప్పించేదీ ఇదే. ఆ లైటుకి తెలిసింది క్యాలెండరు ఒక్కటే. లోపల మురికి ఉందో లేదో చూసే కన్ను దానికి లేదు. మీరు కడక్కుండా రీసెట్ నొక్కినా నమ్మేసి, యాప్‌లో ‘క్లీనింగ్ పూర్తయింది’ అని తేదీతో సహా రాసుకుంటుంది. ఇలా దొంగ రికార్డు సృష్టించే సదుపాయాన్ని ఇంత తేలిక చేసినవాళ్లదీ తప్పే.

ఐస్ కూడా తిండి పదార్థమే. చల్లదనానికి క్రిములు చస్తాయన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ అది నిజం కాదు, చాలా క్రిములు గడ్డకట్టినా బతికే ఉంటాయి. 1987లో అమెరికాలోని పెన్సిల్వేనియా, డెలావేర్‌లలో జనం పెద్ద సంఖ్యలో వాంతులు, విరేచనాలతో పడిపోయారు. వరదనీరు చేరిన బావుల నీటితో చేసిన ఐస్ ద్వారా నార్వాక్ తరహా వైరస్ వాళ్లకు చేరింది. మీ బిన్ (తయారైన ఐస్ చేరే పెట్టె) పైకప్పు లోపలి వైపు వేలితో రుద్ది చూడండి. గులాబీ రంగు జిగురు తగిలితే అది సూక్ష్మజీవుల పొర. మెషీన్‌లో కార్బన్ ఫిల్టర్ ఉంటే ఈ బెడద ఎక్కువ. రుచి కోసం అది తీసేసే క్లోరినే క్రిములను అదుపులో ఉంచేది.

కనీసం ఆరు నెలలకోసారి, నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఇంకా ముందే, పూర్తిగా కడగాలి. ముందు బిన్‌లోని ఐస్ మొత్తం పారబోయండి. తర్వాత సున్నపు పొర కరిగించే ఆమ్లపు క్లీనర్, అదీ మీ మోడల్‌కి తగినదే, ఎందుకంటే నికెల్ పూత ఉన్న భాగాలను కొన్ని ఆమ్లాలు తినేస్తాయి. బాగా కడిగేశాక, అప్పుడు శానిటైజర్. ఈ రెంటినీ కలిపి ఒకేసారి పోసి పని ముగించేద్దామని చూసేవాళ్లు ఉన్నారు. ఆమ్లంలో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇరుకు గదిలో అది ఊపిరి ఆడనివ్వదు, ప్రాణం మీదికి తెస్తుంది. ఇక ‘ఆటో క్లీన్’ బటన్ నీళ్లు తిరిగే దారిని మాత్రమే కడుగుతుంది. బిన్‌ను, తలుపు రబ్బరును, స్కూపును మనిషే తోమాలి. స్కూపును ఐస్‌లో గుచ్చి వదిలేయొద్దు, గ్లాసుతో ఐస్ తోడొద్దు. లోపల గాజు పగిలితే మొత్తం పారబోయాల్సిందే. కడిగాక, అలాగే కొత్తగా బిగించాక, మొదట వచ్చే ఐస్ కూడా వాడకూడదు.

డ్రెయిన్ పైపు కూడా ఓసారి చూడండి. దాని కొస మురుగు నీటిలో మునిగి ఉండకూడదు. కాలువకూ దానికీ మధ్య గాలి ఆడే ఖాళీ, కనీసం పైపు వ్యాసానికి రెండింతలు ఉండాలి. లేకపోతే మురుగు ఎగదన్నిన రోజు తిన్నగా ఐస్ దగ్గరికే చేరుతుంది. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు ఇస్తే నీరు నిలవదు.

ప్రశ్న: వెనక స్టిక్కర్ మీద మంట బొమ్మ, ఆర్-290 అని ఉంది. ప్రమాదమా?

అది ప్రొపేన్, మన వంటగ్యాస్ లాంటిదే. ఒక్కో సర్క్యూట్‌లో ఉండేది చాలా కొద్ది, చాలాకాలం 150 గ్రాములే హద్దు. 2019లో అంతర్జాతీయ ప్రమాణం దాన్ని 500 గ్రాముల దాకా పెంచింది. పాత గ్యాసులతో పోలిస్తే భూమిని వేడెక్కించేది బాగా తక్కువ కాబట్టి నాకు దీని మీద ఫిర్యాదు లేదు. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో ఐస్ పొడిచి తీయకండి, గొట్టం చిల్లు పడుతుంది. ఈ గ్యాస్‌పై శిక్షణ లేని మెకానిక్‌తో వెల్డింగ్ చేయించకండి. మెషీన్‌లో వాడే ప్రొపేన్‌కు సాధారణంగా వంటగ్యాస్‌లా వాసన కలపరు, అందుకే లీకయినా ముక్కుకు తెలియదు. లీకని అనుమానం వస్తే మంటలు ఆర్పి, తలుపులు తెరిచి, అక్కడి స్విచ్‌లు ముట్టుకోకుండా దూరంగా ఉన్న మెయిన్ బోర్డు దగ్గర కరెంటు తీసేయండి.