ఇల్లు మాది, నేల కంపెనీది: 7,500 పౌండ్లు కట్టాలా?

ప్రశ్న: మాంచెస్టర్ దగ్గర 2015లో కొత్త ఇల్లు కొన్నాం. 999 ఏళ్ల లీజు. గ్రౌండ్ రెంట్ (నేల అద్దె) ఏడాదికి 200 పౌండ్లు, పెరగదు. ఫ్రీహోల్డ్ (నేలపై పూర్తి హక్కు) కావాలంటే 7,500 పౌండ్లు కట్టమని, నెలలో తేల్చమని కంపెనీ ఉత్తరం రాసింది. పొదుపు 10,000 ఉంది. కట్టేయమంటారా?

జవాబు: ఆ ధరకు వద్దండి.

ఊళ్లో స్థలం కొని ఇల్లు కట్టుకునే మనకు, సొంతింటి నేలకు అద్దె కట్టడం మింగుడుపడదు. ఆ చిరాకులో చాలామంది అడిగినంతా ఇచ్చేస్తారు.

వడ్డీ లెక్క చూడండి. లీజు ఇంకా 980 ఏళ్లకు పైగా ఉంది. అది ముగిశాక ఇల్లు కంపెనీకి దక్కుతుందన్నదానికి ఈరోజు విలువ దాదాపు సున్నా. వాళ్లు వదులుకునేది ఏటా వచ్చే ఆ 200 మాత్రమే. ఆరు శాతం చొప్పున లెక్కేస్తే దాని విలువ సుమారు 3,300 పౌండ్లు, ఐదు శాతమైతే 4,000. 7,500 ఇవ్వడమంటే మీ డబ్బును 2.7 శాతానికి పెట్టినట్టే. లీజు పత్రం మాత్రం ఇంకోసారి చదవండి. అద్దె పదేళ్లకోసారి రెట్టింపయ్యే షరతు ఉంటే ఈ లెక్కంతా మారిపోతుంది.

ధర కన్నా నాకు ఎక్కువ టెన్షన్ ఆ ఉత్తరంతోనే. ఇలా పరస్పర ఒప్పందంతో కొంటే, గది కట్టినా ఇల్లు అమ్మినా అనుమతి ఫీజు కట్టాలన్న షరతుల్ని బదిలీ పత్రంలో అలాగే ఉంచేయవచ్చు. 1967 లీజ్‌హోల్డ్ రిఫార్మ్ చట్టం కింద నోటీసు ఇచ్చి కొనండి. వాళ్లు రెండు నెలల్లో జవాబివ్వాలి, ధర కుదరకపోతే ట్రిబ్యునల్ తేలుస్తుంది. (ఈమధ్యే ఇల్లు కొన్న స్నేహితులుంటే చెప్పండి: రెండేళ్లు ఆగాలన్న నిబంధన 2025 జనవరి 31న పోయింది.)

మీ సొలిసిటర్, సర్వేయర్ ఫీజులతో పాటు వాళ్ల న్యాయ, వాల్యుయేషన్ ఖర్చులు కూడా, సమంజసమైన మేరకు, మీరే పెట్టుకోవాలి. ట్రిబ్యునల్లో వాళ్లకయ్యే ఖర్చు మాత్రం మీ నెత్తిన వేయలేరు. చాలావరకు ఎవరి ఖర్చు వాళ్లదేనని 2024లో వచ్చిన కొత్త లీజ్‌హోల్డ్ చట్టం అంటోంది కానీ, ఆ భాగం ఇది రాసేనాటికి అమల్లోకి రాలేదు. మార్ట్‌గేజ్ ఉంటే బ్యాంకుకు ముందే చెప్పండి. ఎస్టేట్ చార్జీ (కాలనీ రోడ్లు, పార్కుల్లాంటి వాటి నిర్వహణకు కట్టేది) కడుతుంటే, ఫ్రీహోల్డ్ కొన్నా అది పోదు.

నెల గడువు వాళ్లు పెట్టిందే, చట్టం పెట్టింది కాదు. ముందు లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్‌ను అడగండి, సలహా ఉచితం. అన్ని ఖర్చులూ పోను మూడు నెలల ఇంటి ఖర్చు చేతిలో మిగలదనిపిస్తే ఒక ఏడాది ఆగండి. ఇప్పట్లో ఇల్లు అమ్మే ఆలోచన లేకపోతే, ఆగినందుకు మీకు పోయేది ఆ 200 పౌండ్లే.