డీజిల్ ముల్లు తప్పు చూపిస్తే: లారీ యజమానుల ప్రశ్నలు

ప్రశ్న: మాది 2004 మోడల్ ఆరు చక్రాల లారీ. ఎర్రగుంట్ల నుంచి బెంగళూరుకు నాపరాళ్లు తోలుతాం. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) ముందు డీజిల్ ట్యాంకు దించి, కడిగించి, రంగు వేయించి మళ్లీ ఎక్కించాం. అప్పటి నుంచి ట్యాంకు నిండా ఉన్నా ముల్లు ‘ఈ’ (ఖాళీ) దగ్గర నుంచి కదలడం లేదు. కొత్త మీటరు వేసినా అంతే. ఇప్పుడు ట్యాంకులో డీజిల్ మట్టం కొలిచే ఫ్లోటు యూనిట్ కూడా మార్చమంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: ఇప్పుడే కొనకండి. బాగున్న మీటరు ఒకటి ఇప్పటికే పీకేసినట్టున్నారు. తేడా మొదలైంది రంగు వేసిన తర్వాత. కాబట్టి మొదట అనుమానించాల్సింది ట్యాంకు ఎర్తును, అంటే కరెంటు ట్యాంకు నుంచి చాసీకి చేరే దారిని.

కరెంటు దారి చూడండి. కీ ఆన్ చేస్తే ఫ్యూజు దాటి మీటరుకు, అక్కడి నుంచి ఒకే వైరు మీద ట్యాంకు యూనిట్‌కు వస్తుంది. యూనిట్ లోపల ఫ్లోటుతో పాటు కదిలే రెసిస్టెన్సు దాటి, యూనిట్ బాడీ ద్వారా చాసీకి చేరాలి. ట్యాంకు కూర్చునేది రబ్బరు పట్టీల మీద. పట్టీ బిగించిన చోటా, యూనిట్ స్క్రూల కిందా రంగు పడితే ఇనుము ఇనుముకు తగలదు. ట్యాంకు దించినప్పుడు విప్పిన చిన్న ఎర్తు వైరును తిరిగి బిగించడం మరిచిపోవడం కూడా మామూలే.

పరీక్షకు రెండు మీటర్ల వైరు చాలు. ట్యాంకు మూత బిగించి, చుట్టూ కారిన డీజిల్ తుడిచేయండి. కీ ఆన్ చేసి, వైరు ఒక కొన యూనిట్ బాడీ మీద గీకిన చోట, రెండో కొన చాసీలో రంగు లేని బోల్టు మీద ఆనించండి. పాత మీటర్లలో ముల్లు నెమ్మదిగా లేస్తుంది, ఒక నిమిషం ఓపిక పట్టాలి. లేచిందంటే జబ్బు ఎర్తుదే. యూనిట్ స్క్రూ ఒకటి విప్పి, కింద రంగు ఎమరీ పేపరుతో మెరిసేదాకా గీకి, 2.5 చదరపు మి.మీ. వైరుకు రింగు టెర్మినల్ కొట్టి, పళ్ల వాషరుతో బిగించండి. రెండో కొనను చాసీకి అలాగే బిగించి, రెండు చోట్లా పెట్రోలియం జెల్లీ పూయండి. వానాకాలంలో తుప్పు పట్టకుండా కాపాడేది అదే.

ముల్లు లేవకపోతే యూనిట్ మీది వైరు ఊడదీసి, కీ ఆన్‌లో ఉంచి, దాని కొనను చాసీకి మూడు నాలుగు సెకన్లు తగిలించి తీసేయండి. అంతకంటే ఎక్కువ సేపు పెడితే మీటరు కాలిపోవచ్చు. మీ మీటరు లాంటి వాటిలో ముల్లు ‘ఎఫ్’ (ఫుల్) వైపు కదలాలి. కదిలితే మీటరు, వైరు రెండూ మంచివే, తేడా యూనిట్‌లో. కదలకపోతే ఫ్యూజు నుంచి చాసీ వెంట ఉన్న జాయింట్ల దాకా వైరు వెతకండి. డీజిల్ మీటరుతో పాటు టెంపరేచర్ మీటరు కూడా తప్పు చూపిస్తుంటే డ్యాష్‌బోర్డు ఎర్తు చూడాలి. కొన్ని పాత బండ్లలో మీటర్ల వెనక ఓల్టేజి స్టెబిలైజర్ ఉంటుంది, దాన్ని కూడా చూడాలి.

ప్రశ్న: ఫుల్ నుంచి సగం దాకా ముల్లు సరిగ్గా దిగుతుంది. సగం దగ్గర ఒక్కసారిగా కింద పడి, మళ్లీ లేస్తుంది. గుంతల్లో మరీ ఎక్కువ.
– ఒక డ్రైవర్, తాడిపత్రి

జవాబు: ఇది యూనిట్ లోపలి రెసిస్టెన్సు తీగ అరుగుదల. ఫ్లోటు ఎక్కువ కాలం తిరిగేది ఆ మధ్య భాగంలోనే, అందుకే అక్కడే ముందు అరుగుతుంది. డీజిల్ సగం కంటే కిందికి వచ్చాక, ట్యాంకు పైభాగం శుభ్రంగా తుడిచి, స్క్రూలు విప్పి యూనిట్ బయటికి తీయండి. మల్టీమీటరును ఓమ్‌లలో పెట్టి, టెర్మినల్‌కూ బాడీకీ ఆనించి, ఫ్లోటు చేతిని నెమ్మదిగా పైకీ కిందికీ కదపండి. అంకె మెట్టుమెట్టుగా మారాలి. నడుమ ఎక్కడైనా కనెక్షన్ తెగినట్టు చూపిస్తే యూనిట్ మార్చాల్సిందే, అతుకులు నిలవవు.

ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల డీజిల్ శబ్దం వస్తే కన్నం పడింది, తేలదు. అప్పుడు ట్యాంకు నిండా ఉన్నా మీటరు తక్కువే చూపిస్తుంది.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని షాపుకు తీసుకెళ్లి, దాని మీది నంబరు, చేతి పొడవు, స్క్రూ రంధ్రాలు పోల్చండి. రెసిస్టెన్సు కూడా కలవాలి. ఖాళీకి 10, ఫుల్‌కు 180 ఓమ్‌ల రకం ఉంది. ఖాళీకి 240, ఫుల్‌కు 30 ఓమ్‌ల దగ్గర ఉండే రకమూ ఉంది. ఒకదానికి ఇంకోటి వేస్తే ముల్లు తలకిందులుగా తిరుగుతుంది. గాస్కెట్టు కొత్తది వేసి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఒకే వైపు గట్టిగా బిగిస్తే అంచు వంగి డీజిల్ చెమ్మ వస్తుంది.

ప్రశ్న: పాత ట్యాంకు తుప్పు పట్టి కారుతుంటే, 300 లీటర్ల గుండ్రటి సెకండ్‌హ్యాండ్ ట్యాంకు వేశాం. ముల్లు పావు చూపిస్తుండగానే గువ్వలచెరువు ఘాట్‌లో బండి ఆగిపోయింది.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రెండు కారణాలు కలిశాయి. యూనిట్ పాత ట్యాంకు లోతుకు చేసింది. కొత్తది లోతు తక్కువైతే చేయి పూర్తిగా దిగకముందే ఫ్లోటు అడుగున తగిలి ఆగుతుంది, ముల్లు పావు దగ్గరే నిలిచిపోతుంది. ఈ ట్యాంకు లోతుకు సరిపడే యూనిట్ వేయడమే సరైన పని. చేయి వంచి సర్దేటప్పుడు ఫ్లోటు పైన ట్యాంకు కప్పుకు, కింద అడుగుకు తగలకూడదు.

రెండోది ఆకారం. అడ్డంగా పడుకున్న గుండ్రటి ట్యాంకులో పావు ఎత్తు ఉందంటే పావు వంతు డీజిల్ ఉన్నట్టు కాదు. మీ ట్యాంకులో అది సుమారు 59 లీటర్లు, 75 కాదు. ఎనిమిదో వంతు ఎత్తుకు 22 లీటర్లే. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ వెనక్కి జరుగుతుంది. ఇంజిన్‌కు డీజిల్ తీసుకునే పైపు ట్యాంకులో ముందు వైపు ఉంటే, కొంత డీజిల్ ఉండగానే గాలి పీలుస్తుంది.

అందుకే కొలకర్ర ఒకటి తయారుచేసుకోండి. సమంగా ఉన్న నేల మీద ట్యాంకు ఖాళీ చేసి, 20 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ అల్యూమినియం పట్టీ దింపి గీత గీయండి. ఘాట్ దారికి బయల్దేరే ముందు ముల్లును కాదు, ఈ కర్రను నమ్మండి.

డీజిల్ అయిపోయి ఆగిన పాత ఇంజిన్‌ను ఊరికే సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకోకండి. డీజిల్ పోసి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతి పంపు కొట్టండి. బుడగలు లేకుండా డీజిల్ వచ్చాక, పంపు కొడుతూనే స్క్రూ బిగించి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి.