కాచుకున్నవాడే కాచినవాడు

సందేహం: మా అబ్బాయితో కలిసి వేరే దేశాల సినిమాలు, సిరీస్‌లు తెలుగు డబ్బింగులో చూస్తున్నాను. చాలావాటిలో ఒకటే వరస. ఎవరితోనూ పొత్తు లేని కరడుగట్టిన మనిషి, కిరాయి హంతకుడో పాత సైనికుడో, దిక్కులేని పిల్లను వెంటేసుకుని కాపాడతాడు. అతను ఆ పిల్లకు ఏమవుతాడని చెప్పాలి? ఒకచోట ‘సంరక్షకుడు’ అన్నారు, ఒకచోట ‘పెంపుడు తండ్రి’, ఇంకోచోట ‘గార్డియన్’. ‘కాపరి’ అందామా అంటే మా అబ్బాయి ‘గొర్రెలకా?’ అని నవ్వాడు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ అబ్బాయిని అని లాభం లేదు. కాపరి అనగానే గొర్రెలు తప్ప మరేమీ గుర్తుకు రాని స్థితి తెచ్చుకున్నది పెద్దవాళ్లమే. తెలుగు బైబిల్లో ఇరవైమూడో కీర్తన ‘యెహోవా నా కాపరి’ అనే మొదలవుతుంది. పాస్టరును ఇవాళ్టికీ సంఘకాపరి అంటారు. అక్కడ ఎవరూ నవ్వరు.

మిగతా మాటల సంగతి ముందే తేల్చేస్తాను. సంరక్షకుడు తప్పు కాదు గానీ, బడి దరఖాస్తులో సంతకం పెట్టే చోట ఉండే మాట అది. పెంపుడు తండ్రి అనాలంటే పెంపకం జరగాలి, నాలుగు రోజులు వెంట తిప్పుకుంటే చాలదు. తెలంగాణలో సాదుకున్నోడు, రాయలసీమలో సాకినోడు అంటారు; వాటికీ అదే షరతు. కన్నవాడు, ఒడుగు (ఉపనయనం) చేసినవాడు, చదువు చెప్పినవాడు, అన్నం పెట్టినవాడు, భయం నుంచి కాపాడినవాడు, ఐదుగురూ తండ్రులేనని ఒక నీతిశ్లోకం ఉంది. అందులో చివరివాడు భయత్రాత. మీ కథానాయకుడు అచ్చంగా వాడే. కానీ తెరమీద ఎవరైనా ‘భయత్రాత’ అంటే ఈసారి మీరూ నవ్వుతారు. 2023లో వచ్చిన ‘భగవంత్ కేసరి’లో ఆ అమ్మాయి ‘చిచ్చా’ అని పిలిచేసింది, గొడవ వదిలింది. గార్డియన్ గురించి నేనేమీ అనను.

కరడుగట్టిన అని మీరూ రాశారు, పత్రికలూ రాస్తున్నాయి. గడ్డకట్టినదాన్ని కరుడు అంటారు. కరడు అంటే పాత తెలుగులో అల. అల గట్టిపడటం నేను చూడలేదు.

ఇక కాపరి. నేర్పు నుంచి నేర్పరి వచ్చినట్టే కాపు నుంచి కాపరి. ఆ కాపుకు మూలం కాచు. తెలుగులో కాచులు చాలా ఉన్నాయి. పాలు కాచేది ఒకటి, చెట్టు కాచేది ఒకటి. మనకు కావలసింది చేను కాచే కాచు. తమిళంలో కాప్పు, కావల్, కన్నడంలో కాయు, కావలు దీని తోడబుట్టినవే. కాపలా, కావలి, కాపుదల ఈ ఇంటివే. (కాపురం సంగతి మరోసారి, అది పెద్ద కథ.)

ఈ మాటలో నాకు ముచ్చటైన సంగతి ఒకటుంది. ‘వేటగాడు పులికోసం కాచుకుని ఉన్నాడు’ అంటే చంపడానికి. ‘తల్లి జ్వరంతో ఉన్న బిడ్డను కాచుకుని కూర్చుంది’ అంటే బతికించుకోవడానికి. పోలీసులు దొంగకోసం కాపు వేస్తారు, మంత్రిగారి ఇంటికి కాపు కాస్తారు. రెండింటికీ కావలసింది నిద్ర చంపుకోవడం, కదలకుండా ఉండటం, చూపు తిప్పకపోవడం. అందుకే తెలుగువాడు రెండు క్రియలు పెట్టుకోలేదు. కుర్రకారు అనే ‘కాస్కో’ కూడా కాచుకోవే. ‘నేను వస్తున్నా, నిన్ను నువ్వు కాపాడుకో’ అని అవతలివాడికి ముందే చెప్పి మరీ బెదిరించడం.

మీరు చెప్పిన కథలన్నీ ఈ ఒక్క క్రియలో ఉన్నాయి. లుక్ బెస్సాన్ 1994లో తీసిన ‘లియాన్’ చూసే ఉంటారు. న్యూయార్కులో కిరాయి హంతకుడు, పక్క వాటాలో పన్నెండేళ్ల మటిల్డా. అతనికి పాలు తెస్తానని వెళ్లిన పిల్ల సరుకుల సంచితో తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్లను చంపేశారు. గుమ్మంలో హంతకుల మనిషి. పిల్ల తన ఇల్లు కానట్టే ముందుకు నడిచి, అతని తలుపు దగ్గర ఏడుస్తూ తీయమని బతిమాలుతుంది. అతను తలుపు కన్నంలోంచి చూస్తూ తీయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, చివరికి తీస్తాడు. తీయడం రక్షించడం, అది ఒక్క క్షణం పని. కాపు ఆ తర్వాత మొదలవుతుంది. కుర్చీలో కూర్చునే నిద్రపోయే మనిషి అతను. అన్నాళ్లూ చంపడానికి కాచుకున్న కన్నే ఇప్పుడు పిల్లను కాస్తుంది. కొత్తగా నేర్చుకున్న విద్య ఏమీ లేదు.

రక్షణకూ కాపుకూ ఉన్న ఈ తేడా నాకు పోతన దగ్గర దొరికింది. గజేంద్రుడి ‘లావొక్కింతయు లేదు’ పద్యం ఎత్తుగడ అందరికీ వచ్చు, చివరి పాదం దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ‘రావే ఈశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!’ కావవే అంటే కాచు అనే; అది అన్నాక సంరక్షింపు ఎందుకు? యతి కోసమంటారు. నిజమే, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర ‘రా’కు జోడీ కావాలి, సంరక్షింపులోని ‘ర’ సరిగ్గా అక్కడే పడింది. కానీ యతి వల్ల రావలసింది ఆ పెద్దమాట మాత్రమే. కావవే అన్నది ఏ నిర్బంధమూ లేకుండా వచ్చింది. ఒంట్లో సత్తువ పోయి, ప్రాణాలు చోటు తప్పి, మూర్ఛ వస్తున్నవాడికి ముందు నోట వచ్చేది ఇంటిమాటే. రా, నన్ను కనిపెట్టుకుని ఉండు. మొసలి నుంచి విడిపించమనే లాంఛనం ఆ తర్వాత. వ్యాఖ్యాతలు నాతో ఏకీభవించకపోతే నాకేమీ టెన్షన్ లేదు.

కాపాడు కూడా కాపు+ఆడు. పోరాడు, వేటాడు లాగే ఒక్కసారితో అయిపోని పని. మన వార్తల్లోనేమో పిల్లలు ‘రక్షించబడుతున్నారు’, లేకపోతే ‘రెస్క్యూ’ అవుతున్నారు. ఎవరు కాపాడారో చెప్పడానికి అంత మొహమాటం దేనికో!

అన్ని కథలకూ ఒకే మాట సరిపోదు. జపానులో 1972 నుంచి 1974 దాకా ఆరు సినిమాలుగా వచ్చిన ‘కొజురె ఓకామి’లో బండిలో కూర్చున్న పసివాడు ఆ కత్తివీరుడి సొంత కొడుకే. అక్కడ తండ్రి అంటే చాలు. రక్తసంబంధం లేనిచోట కాపరి అనే నా ఓటు. మీ అబ్బాయికి అప్పటికీ గొర్రెలే కనిపిస్తే ‘కాచినవాడు’ అనండి. అదీ నోటికి పట్టకపోతే సంరక్షకుడే ఉంచుకోండి, నేను అడ్డుపడను. రక్షకుడు మాత్రం వద్దు. రక్షకభటుడనుకుని, పోలీసులు పరారైన హంతకుణ్ణి వెతుకుతున్న సీన్లో అయోమయం అవుతుంది.