ప్రొజెక్టర్‌లో సరిచేసిన పిక్చర్ సెట్టింగ్స్ ఇన్‌పుట్ మార్చగానే ఎందుకు కనిపించవు?

అవి చెరిగిపోవు, చాలా హోమ్ థియేటర్ ప్రొజెక్టర్లు మీరు చేసిన మార్పులను అప్పుడు వాడుతున్న ఇన్‌పుట్‌కి (పరికరాన్ని కలిపిన హెచ్‌డీఎంఐ లాంటి పోర్ట్), పిక్చర్ మోడ్‌కి (డైనమిక్, సినిమా లాంటివి) మాత్రమే దాచుకుంటాయి.

కారణం, ఒక్కో పరికరం పంపే సిగ్నల్ ఒక్కోలా ఉండటమే. 8 బిట్ వీడియోలో వెలుగును 0 నుంచి 255 వరకు అంకెలతో చెబుతారు. అందులో సెట్‌టాప్ బాక్స్ సాధారణంగా నలుపును 16 దగ్గర మొదలుపెడితే, కంప్యూటర్ తరచుగా 0 దగ్గర మొదలుపెడుతుంది. ఒకదానికి సరిపోయిన బ్రైట్‌నెస్ రెండోదానికి పెడితే చీకటి సీన్లు బూడిదరంగుకి తిరుగుతాయి, లేదా నీడల్లో వివరాలు మునిగిపోతాయి. హెచ్‌డీఆర్ (వెలుగు, చీకటి తేడాను ఎక్కువగా చూపే) వీడియోకైతే లెక్కే వేరు, దానికి చాలావాటిలో విడిగా సెట్టింగ్స్ ఉంటాయి.

ఉదాహరణకు, విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక ఫ్లాట్. పగలు వెలుతురున్న హాల్లో హెచ్‌డీఎంఐ 1లో సెట్‌టాప్ బాక్స్ మీద క్రికెట్‌కి డైనమిక్ మోడ్ సరిచేశారు. రాత్రి కర్టెన్లు వేసి హెచ్‌డీఎంఐ 2లో సినిమా పెడితే బొమ్మ వేరేగా కనిపిస్తుంది. అక్కడ సినిమా మోడ్‌ని మళ్లీ సరిచేయాలి. మెమరీ సౌకర్యం ఉంటే వేరే పేరుతో సేవ్ చేసుకోండి, అది చాలా ఉపయోగం.

ప్రొజెక్టర్ పాడైందని టెన్షన్ పడి రీసెట్ నొక్కడమే చాలామంది చేసే పొరపాటు. అప్పుడే సెట్టింగ్స్ నిజంగా పోతాయి.